సముద్రపు గాలి తగిలే ఊళ్లో స్నీకర్లు దాచుకోవడం

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. కాకినాడలో ఉంటారు, పదకొండు జతల స్నీకర్లున్నాయి. వాటిలో 2012లో మళ్లీ విడుదలైన నలుపు-ఎరుపు ఎయిర్ జోర్డాన్ 4ను (నైకీ కంపెనీ బాస్కెట్‌బాల్ బూటు) ఒక్కసారి కూడా తొడగకుండా, పెట్టెతో సహా స్టీలు బీరువాలో పెట్టారు. పురుగు పట్టకుండా మీ నాన్నగారు కలరా ఉండలు వేశారు. ఆరేళ్ల తర్వాత మొన్న తీసి చూస్తే మడమ దగ్గర సోల్ పొడిపొడిగా రాలింది. మీకు ఎవరో నకిలీ అంటగట్టారా, మిగిలిన పది జతలకూ వాక్యూమ్ సంచులు కొనాలా అని అడిగారు.

రాలిపోయినంత మాత్రాన అది నకిలీ కాదు. అసలైనదే అలా పోతుంది. ఆ మోడల్ తయారయ్యే పదార్థం స్వభావమే అది. వాక్యూమ్ సంచులు మాత్రం ఇప్పుడే కొనకండి. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మీ బూట్లకు అసలు ఏమైందో ముందు తెలియాలి. నేను విశాఖపట్నంలో ఉంటాను. పంతొమ్మిదేళ్లుగా జతలు పోగుచేస్తున్నాను. ఇప్పుడు అరవైకి పైగా ఉన్నాయి. మీకు జరిగినదే నాకు ఏడు జతలతో జరిగింది కాబట్టి మీ బాధ నాకు బాగా తెలుసు.

మొదటిది పోయిన రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తెలుపు-సిమెంటు రంగు జోర్డాన్ 4, అదీ 2012దే. మా అక్క న్యూజెర్సీ నుంచి వస్తూ తన చీరలు రెండు తీసేసి, సూట్‌కేసులో ఆ పెట్టెకు చోటు చేసింది. ఏదైనా పెద్ద సందర్భానికి వేసుకుందామని తొమ్మిదేళ్లు దాచాను. 2021లో మా పిన్ని కొడుకు పెళ్లికి బయటకు తీశాను. చూడటానికి కొత్త జతే. కల్యాణ మండపం మెట్లు ఎక్కుతుంటే కుడికాలు కింద ఏదో మెత్తగా దిగబడినట్టు అనిపించింది. వెనక్కి చూస్తే ప్రతి మెట్టు మీదా తెల్లటి ముక్కలు. పాతబడిన సున్నుండను చేత్తో నలిపితే ఎలా రాలుతుందో అలా రాలాయి. చేతిలోకి తీసుకుంటే పైన పొడిగా ఉంది, లోపల మాత్రం వేళ్లకు జిగటగా అంటుకుంది. ఆ జిగటే అసలు సంగతి చెప్పింది.

జోర్డాన్ 4 మధ్య సోల్, అంటే అడుగు రబ్బరుకూ పైభాగానికీ నడుమ ఉండే మందపాటి నురగ, పాలీయూరిథేన్‌తో చేస్తారు. వాడుకలో పీయూ అంటాం. బూట్లలో ఎక్కువగా వాడే రకంలో ఎస్టర్ బంధాలు ఉంటాయి. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి, నీటిని వదిలేస్తే ఎస్టర్ ఏర్పడుతుంది. మళ్లీ నీరు దొరికితే అదే చర్య వెనక్కి నడుస్తుంది, బంధం తెగి తిరిగి ఆమ్లం, ఆల్కహాలు విడిపోతాయి. దీన్నే జలవిశ్లేషణ అంటారు. అందుకు బూట్లు వానలో తడవనక్కర్లేదు, గాలిలోని ఆవిరి చాలు. అలా పుట్టిన ఆమ్లం ఊరికే కూర్చోదు, పక్కనున్న బంధాలు తెగడాన్ని మరింత వేగం చేస్తుంది. అందువల్ల మొదటి ఏడెనిమిదేళ్లు ఏమీ కానట్టే కనిపించి, ఆఖరి ఏడాదిలో ఒక్కసారిగా కుప్పకూలుతుంది. వేడి కూడా తోడైతే ఇంకా త్వరగా. 1960ల నాటి పాలీయూరిథేన్ నురగ కుర్చీలను కాపాడటానికి మ్యూజియంలవారు పడుతున్న తంటా కూడా ఇలాంటిదే.

మరి అలాంటి పదార్థం ఎందుకు వాడతారని మీకు కోపం రావచ్చు. అరుగుదలకు బాగా తట్టుకుంటుంది, బరువు మోసినా అణిగిపోకుండా మళ్లీ పైకి లేస్తుంది. ఆటగాడి కాలికి అది మంచిదే. ఇరవై ఏళ్లు పెట్టెలో ఉంచాలని ఎవరూ దాన్ని తయారుచేయలేదు. 1989లో వచ్చిన తొలి జోర్డాన్ 4 జతలు కొన్ని ఈనాటికీ పెట్టెలతో సహా దొరుకుతాయి, కానీ వాటిని తొడిగి నడవలేం.

అందువల్ల మీ పది జతల్లో ఏది దేనితో తయారైందో ముందు విడదీయాలి. అన్నిటికీ ఒకే మందు వేయడమే చాలామంది చేసే పొరపాటు. ఎయిర్ జోర్డాన్ 3, 4, 5, 6, ఎయిర్ మ్యాక్స్ 1 వంటివి పీయూ జాతివి. వీటికి తేమే ప్రధాన శత్రువు. న్యూ బ్యాలెన్స్ పాత వరుసల్లో కొన్నిటికి లోపల ఈవీఏ అనే నురగ ఉండి, చుట్టూ పీయూ అంచు ఉంటుంది. అంచు పగిలితే లోపల బాగున్నా లాభం లేదు. జోర్డాన్ 11లో నొక్కి అచ్చుపోసిన ఈవీఏ ఉంటుంది. అది నీటికి అంత తేలికగా లొంగదు, పొడి కాదు, కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి కాస్త కుంచించుకుపోతుంది. దానికి అసలు బెడద అడుగున ఉండే పారదర్శక రబ్బరు పసుపెక్కడం. జోర్డాన్ 1కీ ఎయిర్ ఫోర్స్ 1కీ బయట రబ్బరు గిన్నెలాంటి సోల్ ఉంటుంది. లోపలి మెత్త పాతబడినా బయటికి ఊడి రాలదు. కన్వర్స్ ఆల్ స్టార్ వంటి వల్కనైజ్డ్ రబ్బరు బూట్లకు తేమ కన్నా ఎండా, వేడీ ఎక్కువ చేటు. అడిడాస్ బూస్ట్ అనే, నురగ గింజలను కలిపి అచ్చుపోసిన సోల్ పొడి కాదు గానీ పసుపెక్కుతుంది.

మీరు పేర్కొన్న వాటిలో జోర్డాన్ 3 ఒకటి, ఎయిర్ మ్యాక్స్ 1లు రెండు ఉన్నాయి. ఈ రాత్రికి నిద్రపోయే ముందు చూడవలసినవి ఆ మూడే. మిగిలిన ఏడూ వారం ఆగినా ఫరవాలేదు.

చూడటం ఎలాగో చెబుతాను. బూటు నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలో, పక్కనో కుట్టి ఉండే చిన్న చీటీ మీద తయారీ తేదీ ఉంటుంది. వయసు ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి. మీరు కొన్న రోజు నుంచి కాదు, పెట్టె తెరిచిన రోజు నుంచీ కాదు. తొడగని పాత జతను ఎక్కువ డబ్బు పోసి కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పదేళ్లు గిడ్డంగిలో మగ్గి వచ్చినదాన్ని కొత్తదనుకుంటారు. తేదీ చూశాక బొటనవేలితో మడమ పక్క గోడను నెమ్మదిగా నొక్కండి. నొక్కి వదిలితే సొట్ట వెంటనే పూడాలి. పూడకపోయినా, సన్నటి చిటపట చప్పుడు వచ్చినా, రంగు మీద సాలెగూడులాంటి గీతలు కనబడినా ఆ సోల్ ఆయువు తీరినట్టే. వేలికి జిగట తగిలినా అంతే. అలా కాకుండా సోల్‌కూ పైభాగానికీ మధ్య చీలిక మాత్రమే ఉండి, నురగ గట్టిగా ఉంటే అది జిగురు ఊడటం. దాన్ని బాగుచేసుకోవచ్చు. ఈ రెండూ ఒకటే అనుకుని మంచి జతలను పారేసినవారిని చూశాను.

ఇక తేమ. దాన్ని ఒంటితో అంచనా వేయకండి, కొలవండి. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చవకగానే దొరుకుతుంది. అయితే కొన్ని మరీ తప్పు చూపిస్తాయి కాబట్టి తెచ్చిన రోజే ఉప్పుతో పరీక్షించాలి. సీసా మూతలో చెంచాడు గళ్లుప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లు వేయండి. ఉప్పు తడి ఇసుకలా ఉండాలి, కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ జిప్ ఉన్న సంచిలో పెట్టి గట్టిగా మూసి, గది నీడలో పది పన్నెండు గంటలు వదిలేయండి. తడి ఉప్పు పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే ప్రతిసారీ ఐదు కలుపుకోండి, 79 చూపిస్తే నాలుగు తీసేయండి. తర్వాత మీటరును మీ బీరువాలో, సరిగ్గా పెట్టెలుండే అరలో మూడు రోజులు ఉంచి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాసుకోండి. గది మధ్యలో ఒక లెక్క ఉంటుంది, బయటిగోడకు ఆనించిన బీరువా అడుగు అరలో ఇంకో లెక్క. మా ఇంట్లో ఆ తేడా 11 శాతం ఉండేది. నా ఏడు జతల్లో నాలుగు ఆ అడుగు అరలోనివే.

మీరు సాధించవలసిన అంకె 40 నుంచి 50 మధ్య. 65 దాటితే బూజుకు దారి తెరిచినట్టే. 35 కంటే కిందికి దిగితే తోలు ఎండి ముడతల దగ్గర పగుళ్లు వస్తాయి. కాబట్టి ఎంత పొడిగా ఉంటే అంత మంచిదని కూడా అనుకోకండి.

పెట్టెలో వేసే సిలికా జెల్ గురించి ఒక చిన్న లెక్క చెప్పాలి. ఇది తెలియకే నేను చాలా ఏళ్లు నష్టపోయాను. బూట్ల పెట్టెలో సుమారు పది లీటర్ల గాలి పడుతుంది. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమతో ఉన్న ఆ గాలిలో మొత్తం నీరు పావు గ్రాము మాత్రమే. అంత కొంచెమైతే బూట్లతో వచ్చే చిన్న పొట్లమే పీల్చేయాలి కదా? కానీ నీరు దాక్కునేది గాలిలో కాదు, గత్తాలో, అంటే పెట్టె అట్టలో. పావు కిలో బరువున్న అట్టపెట్టె మన తీరంలో నెలల తరబడి ఉంటే, గాలి పొడిగా ఉన్నప్పటి కన్నా పది గ్రాముల వరకు ఎక్కువ నీరు తాగి కూర్చుంటుంది. తోలు, లోపలి బట్ట, మడత కాగితం కూడా తమ వంతు తాగుతాయి. మీరు గాలిని ఆరబెడుతుంటే గత్తా వెనుక నుంచి మళ్లీ నింపుతూ ఉంటుంది. బూట్లతో వచ్చే చిన్న పొట్లం దీని ముందు ఏపాటిది? అదీ మీ చేతికి వచ్చేసరికే నిండిపోయి ఉంటుంది.

అందుకే ముందు ఆరబెట్టడం, తర్వాతే మూయడం. ఏసీ ఉన్న గదిలో పెట్టె మూత తీసి, బూట్లు బయట పెట్టి, కాగితం విడదీసి డ్రై మోడ్‌లో ఒక రాత్రంతా ఉంచండి. పీయూ జతలకైతే రెండు రాత్రులు. ఏసీ లేకపోతే శీతకాలంలో మధ్యాహ్నం పూట మీటరు అన్నిటికంటే తక్కువ చూపించే వేళ, ఫ్యాను కింద ఆ పని చేయండి. వానాకాలంలో ఆరబెట్టి దాచాలనుకోవద్దు. ఆ తర్వాత ఒక్కో పెట్టెకు కనీసం 50 గ్రాముల సిలికా జెల్ గుడ్డసంచిలో కట్టి వేయండి. బూటుకు తగలకుండా, నూలుగుడ్డలోనో పలచటి మల్లుగుడ్డలోనో కట్టాలి. నీలం నుంచి గులాబీకి మారే గింజల్లో కోబాల్టు క్లోరైడు ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అవి వద్దు. నారింజ నుంచి ఆకుపచ్చకు మారేవి దొరుకుతాయి. రంగులేని తెల్లవైతే వంటింటి తూకం చాలు. ఆరబెట్టిన 50 గ్రాముల సంచి 60 దాటిందంటే మళ్లీ ఆరబెట్టాలి. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు పెడితే తిరిగి పనిలోకి వస్తాయి. ఓవెన్ లేనివారు పాత ఇనుప మూకుడులో సన్నసెగ మీద కలుపుతూ వేయించవచ్చు. ఆ మూకుడును మళ్లీ వంటకు వాడవద్దు.

పీయూ జతల అట్టపెట్టెలను నేను నేరుగా అరలో ఉంచను. బియ్యం పోసుకునే, మూతకు రబ్బరు అంచున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో నాలుగేసి పెట్టెలు దించి, అర కిలో సిలికా జెల్ వేసి, మీటరును పక్కనుంచి కనబడేలా పెట్టి మూస్తాను. నెలకోసారి గాలి పొడిగా ఉన్న రోజు చూసి గంటసేపు మూత తీస్తాను. పీయూ విడిచే ఆమ్లపు ఆవిరి లోపలే మూలిగితే చర్య ఇంకా వేగం అవుతుంది కాబట్టి గాలి మారాలి. డబ్బా పాలీప్రొపిలీన్‌ది అయి ఉండాలి. మెత్తగా వంగే పీవీసీ సంచులు, కవర్లు బూట్లకు తగలనివ్వకండి. వాటిలో మెత్తదనం కోసం కలిపే రసాయనం మెల్లగా బయటికి వచ్చి సోల్‌కూ మెరిసే తోలుకూ అంటుకుంటుంది. తోలు జతలు, రబ్బరు జతలకు ఇంత హడావుడి అక్కర్లేదు. గాలి ఆడే అరలో, పెట్టెకో సిలికా సంచితో హాయిగా ఉంటాయి.

ఇప్పుడు వాక్యూమ్ సంచి సంగతి. గాలి లాగేస్తే తేమ పోయినట్టే అని మనసుకు అనిపిస్తుంది. కానీ నురగలో, బట్టలో, జిగురులో ఇంకిన నీరు ఇంట్లో వాడే ఆ చిన్న పంపుతో రాదు. పలచటి ప్లాస్టిక్ గుండా నెలల్లో బయటి ఆవిరి కూడా లోపలికి చేరుతుంది. పైగా సంచి బిగుసుకుని మడమ చుట్టూ ఉన్న మెత్తను అణగదొక్కుతుంది, ముందుభాగం సొట్టపడుతుంది, మెరుపు తోలు ఒకదానికొకటి అతుక్కుంటుంది. నేను 2016లో మూడు జతలు అలా కట్టాను. రెండేళ్లకు విప్పితే సోల్‌లు ఏ మేలూ పొందలేదు, ఒక జత ముందుభాగం ముడత మాత్రం ఇప్పటికీ పోలేదు. సంచి వాడాలనుకుంటే బాగా ఆరిన బూటును, లోపల సిలికా సంచితో, గాలి లాగకుండా జిప్ సంచిలో వదులుగా మూయండి, చాలు.

కలరా ఉండలను మాత్రం ఈరోజే తీసేయండి. మీ నాన్నగారు మంచికే వేశారు, చీరల బీరువాలో అందరం చేసేదే. కానీ ఆ ఆవిరి నురగలోకి ఇంకితే వాసన ఏళ్ల తరబడి వదలదు, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది కూడా. పురుగు భయమే అయితే బీరువాను గోడకు ఒక జానెడు దూరం జరపండి, కింద చెక్కదిమ్మెలు పెట్టి నేల నుంచి లేపండి. చెదలు అట్టపెట్టె కోసమే వస్తాయి, గోడ వెంటే వస్తాయి. గోడకూ బీరువాకూ మధ్య వెలుతురు కనబడేలా ఉంటే వాటి మట్టిదారి మీ కంట ముందే పడుతుంది.

బూటు లోపల దినపత్రిక కుక్కే అలవాటు ఉంటే దాన్నీ మానాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద విరుచుకుపడినప్పుడు కిటికీ అద్దం పగిలి, వాన నేరుగా నా అర మీదికి కొట్టింది. తొమ్మిది పెట్టెలు నానిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. లేసులు, లోపలి అట్టలు తీసేసి, అమ్మ ఇచ్చిన పాత నేతచీర ముక్కలతో అద్ది, గాలి ఆడే వసారాలో నీడన ఆరబెట్టాను. అద్దుడు గుడ్డలు చాలక రెండు జతల్లో తెలుగు దినపత్రికలు కుక్కాను. మర్నాడు తీస్తే తెల్లటి లోపలి బట్ట మీద ఒక వార్త శీర్షిక, అద్దంలో చూసినట్టు తిరగబడి, అక్షరం అక్షరం స్పష్టంగా అచ్చుపడి ఉంది. "తుపాను" అన్న మాట ఇప్పటికీ చదవవచ్చు. ఆ జతను నేను అమ్మలేదు, ఇకముందు అమ్మబోను కూడా. మీరు మాత్రం తెల్లటి, ఆమ్లం లేని మడత కాగితం వాడండి. అచ్చు కాగితానికి సిరా ఒక బెడద అయితే, దాని ఆమ్లగుణం ఇంకో బెడద. బూటు ఆకారం నిలిపే దేవదారు చెక్క అచ్చులు పెట్టగలిగితే ఇంకా మంచిది, అయితే బూటును సాగదీసేంత బిగుతైనవి కాకూడదు.

ఆ తడిసిన జతల్లో నాలుగింటికి పదో రోజున తెల్లటి బూజు పూసింది. బూజును ఇంట్లో దులపకూడదు, బీజాలు మిగతా వాటి మీదికి ఎగురుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి పిండిన గుడ్డతో తుడిచాను. రంగు వదులుతుందేమో ముందు నాలుక అడుగున చిన్నచోట చూసుకున్నాను. తుడిచాక పెట్టిన చోటు తేమ తగ్గకపోతే మూడు వారాల్లో మళ్లీ వస్తుంది, అందులో అనుమానం లేదు.

పసుపెక్కడం వేరే రోగం. దాని వెనుక వెలుతురు ఉంది, రబ్బరు గాలితో ఆక్సీకరణ చెందడం ఉంది, జిగురు ముదరడం ఉంది. వీటన్నిటికీ తోడు, ప్యాకింగు ప్లాస్టిక్‌లో ఆక్సీకరణను అడ్డుకోవడానికి వాడే కొన్ని రసాయనాలు కలుషిత గాలితో కలిసి తెల్లబట్టను పచ్చబరచడం కూడా ఉంది. కాబట్టి చీకట్లో దాచినా పూర్తిగా తప్పదు, ఆలస్యమవుతుంది. బూట్లతో వచ్చిన పాత ప్లాస్టిక్ తొడుగును తీసేయండి. హైడ్రోజన్ పెరాక్సైడు క్రీము పూసి అతినీలలోహిత దీపం కింద పెడితే అడుగు రబ్బరు మళ్లీ తేటపడుతుంది, నేనూ చేశాను. కానీ ఆ తేట నిలవదు. పదేపదే చేస్తే రబ్బరు పైపొర నునుపు పోయి జిడ్డుగా తయారవుతుంది. ఒక జతకు ఒక్కసారి, అంతకుమించి వద్దు. బట్టలకు వాడే బ్లీచ్ మాత్రం ఏ పరిస్థితిలోనూ ముట్టించకండి, తెల్లదాన్ని ఇంకా పచ్చబరుస్తుంది.

శుభ్రం చేయడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మెత్తటి బ్రష్షు, గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా ఘాటులేని సబ్బు, తడిగుడ్డ, నీడలో ఆరబెట్టడం. వాషింగ్ మెషీన్ వద్దు, డాబా మీద ఎండలో ఆరేయడం అసలే వద్దు. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. స్వెడ్‌ను, అంటే నూగు ఉండే మెత్తటి తోలును, నీళ్లతో రుద్దకండి, పొడి బ్రష్షుతో ఒకే వైపుకు దువ్వండి. నూనె మరక పడితే మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా ఉంచి దులపండి. తోలు మెరవాలని కొబ్బరినూనె రాయకండి. రంగు ముదురుతుంది, నెలలు గడిచాక ముక్కిపోయిన వాసన వస్తుంది.

హైదరాబాదులో ఉన్న మిత్రులు తమకు ఈ బెడద లేదనుకుంటారు. అక్కడి బెడద ఇంకో రకం. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడిబారుతుంది, ఆగస్టులో మా ఊరితో పోటీపడుతుంది. వేసవిలో సిలికా సంచులు తీసేసి వానలకు ముందు మళ్లీ వేసుకోవాలి. లేదంటే తేమను రెండువైపులా సర్దే, 49 శాతం అని రాసి ఉండే ఉప్పుద్రావణపు పొట్లాలు వాడాలి. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడికి నేను చెప్పేది ఒక్కటే, గరాజులో పెట్టొద్దని. అక్కడి వేసవి వేడికి తేమ తక్కువైనా జిగురు నిలవదు.

తొడుగుతూ ఉంటే సోల్ ఎక్కువ కాలం బతుకుతుందని మనలో చాలామంది అంటారు. నడక ఆ చర్యను ఆపలేదు. అయినా పీయూ జతలను తొడగమనే చెబుతాను, వేరే కారణంతో. ఎంత బాగా దాచినా మన వాతావరణంలో వాటికి మిగిలేవి కొన్నేళ్లే. తొమ్మిదేళ్లు దాచి తొమ్మిది మెట్లు ఎక్కిన నాకు ఆ సంగతి తెలుసు. మా అక్క చీరలు తీసేసి తెచ్చిన జతను ఆమె ఎదుట ఒక్కసారైనా వేసుకుని ఉండవలసింది. మీ జోర్డాన్ 3 నొక్కితే గట్టిగా ఉంటే ఈ శీతకాలమే తొడగండి, వానరోజు తప్ప ఎప్పుడైనా. దాచి ఉంచడానికే కావాలంటే జోర్డాన్ 1నో ఎయిర్ ఫోర్స్ 1నో ఎంచుకోండి.

ఇక పోయిన ఆ జోర్డాన్ 4. పైభాగం చెక్కుచెదరలేదని రాశారు కదా, పారేయకండి. ముందు దాన్ని మిగతా వాటి నుంచి వేరుచేయండి. ఆ పొడి వేరే జత మీద పడితే జిగటగా అంటుకుని మరక చేస్తుంది. పాత కాగితం పరిచి, మొండి కత్తితో మిగిలిన నురగను గీకేయండి. లోపల కాగితం నింపి ఆకారం నిలపండి. అదే మోడల్, అదే సైజు, తర్వాతి సంవత్సరాల్లో తయారైన జత ఒకటి, పైభాగం పాడై సోల్ బాగున్నది, వెతుక్కోండి. ఆ సోల్ దీనికి మార్చవచ్చు. పాత జిగురు తీయడానికి అసిటోను వాడతారు, అది రంగు మీద పడితే రంగూ పోతుంది కాబట్టి అంచుల్లో అతికే పట్టీ వేసుకోవాలి. జిగురు అతికించే పద్ధతి నాకు మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన నేర్పారు. రెండు వైపులా పలచగా రాయాలి, తొందరపడి కలపకూడదు, వేలు ఆనిస్తే అంటుకోనంతవరకు ఆగాలి, అప్పుడు ఒక్కసారే సరిచూసి అదమాలి, ఒకసారి అతికాక జరపడం కుదరదు. మొదటిసారి మీరే చేయకండి. పాత చెప్పుల మీద రెండు మూడు సార్లు చేసి చూడండి. నాలుక చీటీ, పెట్టె మీది చీటీ రెండూ జాగ్రత్తగా ఉంచండి, సోల్ వెతికేటప్పుడు సైజుతో పాటు మోడల్ సంఖ్య కూడా అవసరమవుతుంది.